పూత మీదున్న జనుము

"ఒరేయ్, ఆ కొడవలి ఇస్తావా, నన్నే లాక్కోమంటావా?"

పెరట్లో అక్క గొంతు పెంచింది. తమ్ముడు కొడవలిని వీపు వెనక్కి దాచుకున్నాడు. అతను బస్సు డ్రైవరు. డ్యూటీకి ఇంకా గంట టైముంది.

"రేపు కోస్తాలే అక్కా."

"ఆ రేపు రేపంటూనే పూత వచ్చి పదిరోజులైంది. జనుము ఏమన్నా కూరొండుకునేదా, పచ్చడి చేసుకునేదా? చలికాలం నేల ఖాళీగా పడుండకూడదని చల్లాం. పూత మీద కోసి మట్టిలో కలిపితేనే ఎరువు. ముదిరిందో, కూర్చుని తాళ్లు పేనుకోవాలి. మొక్కల నర్సరీలో పనిచేస్తూ ఊరందరికీ చెబుతాను, నా తమ్ముడికే చెప్పలేక చస్తున్నా!"

డ్రైవరు వంటింటి కిటికీ వైపు చూశాడు. భార్య అక్కడే నిలబడి ఉంది.

వాళ్ల పాప చనిపోయి మూడు నెలలైంది. ఆవిడ ఏడవదు, మాట్లాడదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు. అతనికీ లోపలంతా మొద్దుబారిపోయింది. బస్సు నడుపుతాడు, ఇంటికొస్తాడు, అంతే. పొద్దున్నే అతను పైరుకి నీళ్లు పెట్టే వేళకి మాత్రం ఆవిడ మంచం దిగి కిటికీ దగ్గరికి వస్తుంది. రెప్ప వెయ్యకుండా చూస్తుంది.

"తనకోసమే ఉంచానక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పసుపుపచ్చ పూలు చూడ్డానికే లేస్తోంది. అవీ కోసేస్తే ఇంక మంచం దిగదేమోనని భయం."

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుంది. భార్య చెప్పులైనా లేకుండా తడిమట్టిలోకి వచ్చింది. మొగుడి చేతిలోంచి కొడవలి తీసుకుని, వంగి, మొదటి గుప్పెడు మొదలంటా కోసేసింది.

"అయ్యో, వద్దే! నీకోసమేగా ఉంచింది!" అన్నాడు డ్రైవరు.

ఆవిడ రెండో గుప్పెడు కోసింది. మూడోది కోసింది.

"ఆ పూలంటే నీకు ప్రాణం అనుకున్నానే..."

"పూలెవరు చూశారండీ?" మూడు నెలలుగా వాడని గొంతు జీరగా వచ్చింది. "ఒంటరిగా వదిలితే ఏం చేసుకుంటారోనని మిమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నాను. ఇది నిలువెత్తు పెరిగిపోయాక, కిటికీలోంచి మీరు కనబడటం లేదు."