స్క్రిప్టులో లేని మాట

"గ్యాస్ పట్టేసినట్టుందమ్మాయ్. కాస్త సోడా ఉంటే ఇప్పించు," అన్నాడు శేషయ్య, నేలమీద పడుకునే.

కెమెరా పట్టిన ఐరిష్ కుర్రాడు ఓషీన్ పకపకా నవ్వాడు.

కిరణ్మయి నవ్వలేదు. "అంకుల్, ఆ మాట స్క్రిప్టులో లేదు. విరిగింది కాలు. మీ చెయ్యేమో ఛాతీ మీదుంది."

శేషయ్య చేతిని నెమ్మదిగా కాలి మీదికి జరుపుకున్నాడు.

కిరణ్మయిది ఐర్లండులోని కార్లో ఊళ్లో ఆఖరి ఏడు చదువు. అంబులెన్సు వాళ్లకి, గార్డులనే అక్కడి పోలీసులకి తర్ఫీదిచ్చే యంత్రం ఒకటి తయారు చేస్తోంది. పెద్ద కళ్లజోడు లాంటిది తగిలించుకుంటే ఇంగ్లీషు రాని రోగి కళ్లెదుటే పడి ఉన్నట్టు కనిపిస్తాడు. మాట అర్థం కాకపోయినా మనిషిని చూసి, ఏమైందో పసిగట్టాలి.

శుక్రవారం దాన్ని పరీక్షిస్తారు. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి తిరుగుటపా.

రోగి వేషానికి ఒక పెద్దాయన కావాలని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే శేషయ్య వచ్చాడు. కూతురు ధరణిని చూడ్డానికి వచ్చిన మనిషి. తెనాలిలో నాటకాలాడేవాడట.

"రాసింది రాసినట్టు చెప్తానమ్మాయ్. నా అంతట నేను ఒక్క ముక్క కలపను. మా గురువు పెట్టిన కట్టు అది," అన్నాడు మొదటిరోజే.

అన్నట్టే చేశాడు. పక్షవాతం వేషం కట్టాడు, షుగరు పడిపోయిన వేషం కట్టాడు. ఎక్కడా ఒక్క మాట తప్పలేదు. వేషం విప్పాకే హాస్యాలు.

అవి చూసి ఓషీన్ ఒకసారి, "హీ ఈజ్ గ్యాస్," అన్నాడు. ఇక్కడ గ్యాస్ అంటే సరదా మనిషని కిరణ్మయి విడమరిచి చెప్పింది.

"మనకి కడుపులో ఉండేది వీళ్లకి మనిషైపోయిందన్నమాట," అన్నాడు శేషయ్య. ఆనాటి నుంచి తలుపు తోసుకుని వస్తూనే, "గ్యాస్ వచ్చింది," అని చెప్పుకునేవాడు.

ఇవాళా అదే హాస్యం అనుకుంది కిరణ్మయి. నుదుటి మీది చెమట లైట్ల వేడికి అనుకుంది.

"ఇంకొక్కసారి చేద్దాం, అంకుల్."

చేశాడు. "కాలు, కాలు," అన్నాడు రాసినట్టే. టీ వద్దన్నాడు. గోడ పట్టుకుని బయటికి నడిచి, బస్సెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ధరణి ఫోను చేసింది. నాన్న నిద్రలోనే పోయాడని చెప్పింది. పెద్దప్రాణం, సునాయాసంగా దాటిపోయిందని అందరూ అన్నారు. కిరణ్మయీ అలాగే అనుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ దుఃఖంలో, సోడా మాటతో చెడిపోయిన వీడియో ముక్కని కోసెయ్యడం మరిచిపోయింది.

శుక్రవారం పరీక్షకి ఫెబి వచ్చింది. కేరళ మనిషి, అంబులెన్సు వాళ్లకి పాఠాలు చెబుతుంది. కళ్లజోడు పెట్టుకుని శేషయ్య బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

కాలి వంక చూడనే లేదు.

"ఇది గుండె," అంది.

"కాదు మేడమ్, కాలు విరిగిన..."

"గుండే. గ్యాస్ అంటున్నాడు, వినలేదా? మా వైపూ గుండెనొప్పిని గ్యాసనే అనుకుంటారు, సోడా తాగి పడుకుంటారు. ఆ పెదాల రంగు చూడు. చెమట ఎలా పెట్టించావు?"



ఫెబి కళ్లజోడు తీసింది. యంత్రం నెగ్గిందని చెప్పింది. ఇలాంటి నటుణ్ణి తానెక్కడా చూడలేదని, మళ్లీ పిలిపించమని అడిగింది.

రాసిన దానికి ఒక్క ముక్క కలపని శేషయ్య ఆ ఒక్కసారి వేషం కట్టనే లేదు.