విడిగా వచ్చిన పార్సిల్

"ఒక్క రైలింజన్ బొమ్మకి అయిదు పౌండ్ల పోస్టేజీయా?" పార్సిల్ మీద చూసి గ్లెనిస్ మొగుణ్ణి ఆటపట్టించింది. "ఆన్‌లైన్ వేలంలో పాడుకున్నవన్నీ నెలాఖరుదాకా అమ్మినవాడి దగ్గరే ఉంచి, ఒకే పెట్టెలో పంపమనే పిసినారివి నువ్వేనా?"

డెస్మండ్ తలెత్తకుండా టేపు కోస్తున్నాడు. "ఈసారి ఆగాలనిపించలేదు."

"నెలాఖరుకి ఇంకా మూడు వారాలేగా!"

"మూడు వారాలంటే మాటలా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. మంగళవారం స్కానింగ్ రిపోర్టు కోసం, ఆమెను తోడు రావద్దని ఒక్కడే ఆస్పత్రికి వెళ్లొచ్చాడు. అంతా బాగుందన్నాడు.

గ్లెనిస్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "డెస్, డాక్టర్ ఎన్నాళ్లన్నాడు?"

అతను ఇంజన్ని మెల్లగా బల్ల మీది పట్టాలకెక్కించాడు.

"సోమవారం ఇంకోటొస్తుంది. అదీ విడిగానే పంపించమన్నాను."