కుక్కవామింట రసం

"అదిగో, తగలడ్డాడు," అంది బాలామణి కిటికీలోంచి చూసి.

గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు కోటిబాబు. వార్డు ఆఫీసు బంట్రోతు. బర్మాలో సైన్యం గద్దెనెక్కాక ఈ సంచౌంగ్ పేటలో ఇళ్లు సోదా చేసే సిపాయిలకు దారి చూపించే ఘనుడు ఇతనే. పైగా బ్రహ్మచెవుడు. వానాకాలం మొదట్లో చెవులు చీముపట్టి, పక్కన డప్పు కొట్టినా వినిపించకుండా పోయింది.

ఇలాంటివాడికి వైద్యం చేస్తానంది బాలామణి అత్తగారు తాయారమ్మ. మురుగుకాలవ గట్టున పసుపుపచ్చ పూలు పూసే కుక్కవామింట ఆకు రసం నువ్వులనూనెలో కాచి పోస్తే చెవులు బాగుపడతాయని ఆవిడ నమ్మకం. ముట్టుకుంటే జిగురు, వాసన చూస్తే వాంతి. మందుల షాపుల్లో తలనొప్పి మాత్ర కూడా దొరకని రోజులు నిజమే, అయితే మాత్రం గడ్డి పిండి చెవిలో పోస్తారా? పోసే ముసలమ్మనీ, పోయించుకునే దద్దమ్మనీ చూస్తే బాలామణికి ఒళ్లు మండిపోయేది. కానీ వార్డు ఆఫీసువాడిని పొమ్మనలేదు. పైన అటకలో తన తమ్ముడు సూరి దాక్కుని ఉన్నాడు. సర్కారు మీద జనం తిరగబడ్డ ఆగస్టు ఊరేగింపుల్లో జెండా పట్టుకుని ముందు నడిచినవాడు. దొరికితే ప్రాణాలతో వదలరు.

"రండి రండి, ఊ కోటిబాబూ!" పేరు ముందు బర్మా మర్యాద తగిలించి, నోరారా నవ్వింది బాలామణి. అదే నవ్వుతో, "సిపాయిల బూట్లు నాకి అలిసిపోయుంటావు, కూసో," అంది.

అతను నవ్వి, తల పక్కకు వంచి కూర్చున్నాడు.

"మొకం మీదే తిడతావేటే?" అంది తాయారమ్మ.

"ఇనబడితే కదత్తా! నీ పిచ్చాకు పని సేసినప్పుడు సూద్దాంలే. సూరికి అన్నం పైకి పంపినావా?"

"ఆడి ముందరేటే ఆ మాటలు?"

"ఆడూ, ఆ గోడా ఒకటే." తాయారమ్మ అతని చెవిలో రసం పోసి, దూది కుక్కింది.

రోజూ ఇదే తంతు. వీధిలో ప్రతి ఇంటినీ సోదా చేశారు. తమ గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. అంతా దేవుడి దయే అనుకుంది బాలామణి.

ఒకరోజు ఇద్దరు సిపాయిలు కిటికీ కింద ఆగారు. సరిగ్గా అప్పుడే అటక మీద సూరి దగ్గాడు. ఇంతలో కోటిబాబుకీ దగ్గు తెర వచ్చింది. మెలికలు తిరిగిపోతూ దగ్గాడు. సిపాయిలు లోపలికి తొంగిచూసి, తమవాడే కదా అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

"సెవుల రోగం సాలక క్షయ కూడానా!" అని, అతను తాగిన కప్పుని వేణ్ణీళ్లతో రెండుసార్లు కడిగింది.

ఇవాళ మాత్రం మందు పోయించుకుని, టీ తాగేసినా కదలడేం?

"ఇంకో కప్పు కావాలేమో దొరగారికి," అని గొణిగింది బాలామణి, చిరునవ్వు చెదరకుండా.

కోటిబాబు వీధిలోకి చూశాడు. ఎప్పుడూ ఇల్లెగిరిపోయేలా అరిచి మాట్లాడే మనిషి, ముందుకు వంగి గొంతు బాగా తగ్గించాడు.

"సూరిబాబుని ఇప్పుడే లత పేటలో మా అప్పా బావల ఇంటికి పంపించెయ్యమ్మా. సీకటి పడగానే మీ ఇంటికి సోదాకొస్తారు. ఈసారి నేనున్నా ఆగరు."

బాలామణి చేతిలో కప్పు కింద పెట్టేసింది. తాయారమ్మ అప్పటికే అటక నిచ్చెన దగ్గరికి పరిగెత్తింది.

"మీకు... మీకెప్పట్నుంచి ఇనబడతన్నాది?" అని అడిగింది బాలామణి, ఇన్నాళ్లూ అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి.

కోటిబాబు చెవిలోంచి దూది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మందు మొదటి రోజే పని సేసిందమ్మా."