రెండో కార్డు

"ఆ జాడీ కింద పెట్టు," అంది మాక్సీన్.

కొరిన్ చేతుల్లో మయొనైజ్ జాడీ పసిపిల్లంత ఉంది. "బయటి కొట్లో కంటే సగం ధరే కదండీ!"

"సగం ధరకి కొని సగం పారేస్తావు. మీ ఇంట్లో అది ఎవరు తింటారు?"

కొరిన్ ఆలోచించింది. ఎవరూ తినరు. జాడీ మళ్ళీ అరలోకి వెళ్ళిపోయింది.

అమెరికాలో టొలీడో ఊరి చివర, విమానాలు పట్టేంత గిడ్డంగిలాంటి టోకు దుకాణం అది. శనివారం కావడంతో జనం మంచాలంత బళ్ళు తోసుకుంటూ తిరుగుతున్నారు. సభ్యత్వం కార్డు ఉన్నవాళ్ళనే లోపలికి రానిస్తారు. కార్డు మాక్సీన్‌ది. ఆమె వెంట వచ్చిన కొరిన్‌కి ఇలాంటి చోటు ఇదే మొదటిసారి.

గాజు ఫ్యాక్టరీ మూతపడి భర్త రస్ ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి, కొరిన్ పళ్ళ డాక్టరు దగ్గర చేసే ఉద్యోగమే ఇంటికి ఆధారం. ఆ ఇబ్బంది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లలే మాక్సీన్ దగ్గర నోరు జారారు, రాత్రిళ్ళు కూడా పాలల్లో కార్న్‌ఫ్లేక్సే తింటున్నామని. మర్నాడే ఫోనొచ్చింది. "శనివారం పొద్దున్నే వస్తా. తయారుగా ఉండు." అడగడం కాదు, చెప్పడం.

మాంసం అరల దగ్గర మాక్సీన్ ఓ పెద్ద ఖీమా ప్యాకెట్ తీసి బండిలో పడేసింది.

"అమ్మో, ఇంతా!" అంది కొరిన్.

"ఇంటికెళ్ళగానే పూటకి సరిపడా విడదీసి, పల్చగా అదిమి ఫ్రీజర్లో పెట్టు. ముద్దలా పెడితే కరిగేసరికి పిల్లలు నిద్రపోతారు. సగం ఖీమా, సగం ఉడికించిన పప్పు. మిరపపొడి దట్టిస్తే తేడా ఎవరికీ తెలీదు."

"రస్ కనిపెట్టేస్తాడు. ఉల్లిపాయ ముక్క తగిలితేనే ఏరి పక్కన పెడతాడు."

మాక్సీన్ పకపకా నవ్వింది. "వాడి మొహం! ఉల్లిపాయ తురిమి కలిపెయ్. అన్నేళ్ళూ నేను అలాగే తినిపించా. ఉల్లిపాయే తిననని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు."

కొరిన్‌కి కూడా నవ్వొచ్చింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మొదటిసారి మనసారా నవ్వింది.

సాసేజి ముక్కలు రుచికి ఇస్తున్న చోట మాక్సీన్ ఒకటి తిని, ఓ చుట్టు తిరిగొచ్చి, కళ్ళద్దాలు తీసేసి ఇంకోటి తింది.

"ఆ ముక్కలిచ్చే ఆవిడ గుర్తుపట్టింది," అని గొణిగింది కొరిన్.

"పట్టనీ. నువ్వు కూడా తిను. మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే."

నిప్పుల మీద తిరుగుతున్న కోళ్ళ ముందు మాత్రం మాక్సీన్ కాస్త గంభీరంగా మారింది. "దీన్ని మించిన బేరం ఇక్కడ లేదు. ఇవాళ కోడి, రేపు మిగిలిన మాంసంతో నూడుల్స్, ఎల్లుండి ఎముకలతో చారు. మూడు పూటలు."

బండి నిండుతోంది. ఓట్స్, గుడ్లు, బంగాళాదుంపల బస్తా. కొరిన్ నడక మాత్రం నెమ్మదించింది. చివరికి ఆగిపోయింది.

"మాక్సీన్, ఒకటి అడగనా? మీకు నా మీద కోపం లేదా?"

మాక్సీన్ బంగాళాదుంపల బస్తా సర్దుతూ తలెత్తలేదు. "ఎందుకుండదు? మీ పెళ్ళయిన ఏడాదంతా మా ఇంట్లో నీ పేరు ఎత్తనివ్వలేదు."

"తెలుసు. రస్ చెప్పాడు."

"వాడికి అన్నీ చెప్పడమే." మాక్సీన్ నిట్టూర్చింది. "జూనీకి జ్వరమొచ్చింది చూడు, ఆ వానలో. నువ్వు ఫోన్ చేసి, 'పిల్ల మిమ్మల్నే అడుగుతోంది, రండి' అన్నావు. ఇంకొకతె అయితే చేసేది కాదు. తలుపు తీసి, పక్కకి జరిగి, నీ చేతిలోని తడిగుడ్డ నా చేతికిచ్చావు. ఆ తర్వాత నీ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించా. రాలేదు."

కొరిన్ కళ్ళు తుడుచుకోబోయి, పక్కనున్న టిష్యూల కట్ట వైపు చూసింది. అది ఆమె ఎత్తుంది.

"దానికోసం అది కొనక్కర్లేదు," అని మాక్సీన్ తన చేతిరుమాలు అందించింది. "ఊరికే ఏడవకు. రస్‌కి పని దొరుకుతుంది. వాడు బద్ధకస్తుడు కాడు, అదొక్కటీ నేను ఒప్పుకుంటా. దొరికేదాకా ఆ పిల్లలు కడుపునిండా తినాలి. నువ్వు కూడా. చూడు, ఎలా చిక్కిపోయావో."

డబ్బు కట్టాక మాక్సీన్ తలుపు వైపు వెళ్ళకుండా, బండిని సభ్యత్వాల కౌంటర్ వైపు తిప్పింది.

"ఇటెందుకు?" అంది కొరిన్.

"ప్రతిసారీ నేను రాలేను కదా." మాక్సీన్ తన కార్డు కౌంటర్ మీద పెట్టింది. "కుటుంబంలో ఒకరికి రెండో కార్డు ఉచితం అంటారుగా, ఇన్నాళ్ళూ తీసుకోలేదు. ఈ అమ్మాయి పేరు మీద ఇవ్వండి."

కౌంటర్లో ఉన్నావిడ మొహమాటంగా నవ్వింది. "కుటుంబ సభ్యులకేనండీ."

"కుటుంబమే."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పోలికలేమీ కలవలేదు. కొరిన్ వైపు తిరిగి, "అత్తగారా?" అనడిగింది.

"అంత ముసలిదాన్లా కనబడుతున్నానా?" అని మాక్సీన్ మండిపడింది.

"అయ్యో, క్షమించండి. ఆడపడుచా మరి?"

మాక్సీన్ కౌంటర్ మీది కార్డుని అటూ ఇటూ జరిపింది. కొరిన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన మొదటి భార్య."