ఈస్టు కాచిన మందు

"అంటే ఇంగ ఆకు వద్దా?" మునివెంకటమ్మ బిళ్ళగన్నేరు మూటను నేల మీద దించి అడిగింది.

నమ్రత తల దించుకుంది. కోరమండల్ అనే ఊళ్ళోని ఈ మందుల కంపెనీలో ఆమె సైంటిస్టు. గౌనిపల్లి నుంచి ఎనిమిదేళ్ళుగా ఒక్క మూట తప్పకుండా ఆకు తెచ్చిన మనిషికి ఈ మాట చెప్పడానికి వారం నుంచి నోరు రావడం లేదు. ఊరంతా టమాటా, మామిడి అని పరుగులు పెడుతుంటే, ఈ ముసలమ్మ పశువులు కూడా మూతిపెట్టని మొక్కను ఎకరం నిండా వేసింది. నవ్వేవాళ్ళను నవ్వుకోమంది. ఆ ఎకరమే ఆమెకు తిండి.

"వద్దవ్వా. ఇప్పుడు ఈస్టే మందు చేస్తోంది."

"సారాయి కాస్తా ఉండారా?" ముసలమ్మ గొంతు లేచింది. "కేన్సరొచ్చిన పిలకాయలకని కదమ్మా నేను ఆకిచ్చింది! తాగే మందుకు దిగినారా?"

నమ్రతకు నవ్వాగలేదు. "అయ్యో, ఆ మందు కాదవ్వా! రా, చూపిస్తా."

లోపల పెద్ద స్టీలు ట్యాంకు. అద్దంలోంచి నురుగు పొంగుతూ కనిపించింది. పులిసిన దోసెపిండి వాసన.

"కంటికి ఆనని జీవాలవ్వా ఇవి. బిళ్ళగన్నేరు తన ఆకులో ఏం చేస్తుందో, ఆ విద్యంతా వీటికి ఎక్కించాం. చక్కెర తిని, మందుకు కావలసిన సరుకు ఇస్తాయి."

"నా చెట్టు విద్య దీనికొచ్చేసిందా?"

"వచ్చేసింది." చెబుతుంటే నమ్రతకే ఒళ్ళు జలదరించింది. ఆరేళ్ళు తన చేతులతో చేసిన పనే, అయినా ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు.

"వాన పడకపోయినా చేస్తాదా?"

"చేస్తుంది."

"ఎంతమంది పిలకాయలకు సరిపోతాది?"

"ఎంతమంది వచ్చినా. ఇంకో ట్యాంకు పెడితే చాలు."

మునివెంకటమ్మ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. చాలాసేపు చెయ్యి తీయలేదు. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతుంటే నమ్రత దగ్గరికి జరిగింది.

"క్షమించవ్వా. నీ పొట్ట కొట్టాం."

"పొట్టకేమమ్మా, రేపే దున్నించి రాగులు చల్లుకుంటా" అంటూ ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఆ నురుగు వైపే చూసింది.

"ఆ పొద్దు నా కొడుక్కి మందు లేదన్నారమ్మా, ఆకు చాల్లేదని."