ఉయ్యాలలో ఇనుము

తాళ్లు లేకుండా, కింది పీటలోని అయస్కాంత బలంతో మూరెడు ఎత్తున తేలే ఉయ్యాల ఒక పక్కకు ఒరిగింది. లోపల ఇరవై రోజుల పాప నిద్రపోతోంది. నీలిమ కంగారుగా కరెంటు పెంచింది. ఉయ్యాల ఇంకా ఒరిగింది. పాప అంచుదాకా జారింది.

"ఆపెయ్యమ్మా," అంది అత్తగారు హైమవతి.

"ఆపితే కింద పడుతుంది అత్తయ్యా. కరెంటు ఉన్నంతసేపే అది అయస్కాంతం." పెంచినకొద్దీ ఒరుగుతోందంటే, పీట దేన్నో లాగుతోంది. "లోపల ఇనుమేమైనా పెట్టారా?"

హైమవతి తల దించుకుంది. "గాలి సోకకూడదని... పక్క కింద అడకత్తెర పెట్టాను."

నీలిమ పాపను ఒడిసి పట్టుకుంది. మరుక్షణం ఉయ్యాల తిరగబడి, అడకత్తెర ఠంగుమని పీటకు అతుక్కుంది. హైమవతి స్విచ్చి ఆపింది.

"ఇనుము దగ్గరికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"తప్పే. ఇందా, నువ్వే పారెయ్యి," అంటూ హైమవతి అడకత్తెర తీసి నీలిమ ముందుకు చాచింది. ఇంతసేపు అంటుకుని ఉన్నందుకు దానికీ కాస్త అయస్కాంతం పట్టినట్టుంది. నీలిమ మంగళసూత్రానికి వేలాడుతున్న రెండు పిన్నీసులూ కదిలి, టక్కున దానికి అతుక్కున్నాయి.

రోజుకు పదిసార్లు నీలిమ ఆ ఉయ్యాల మీదికి వంగేది ఆ మెడతోనే.