రెండు ముక్కల పలక

“అది నాది సార్!” అన్నాడు అమీనుద్దీన్.

“కాదు సార్, నాది!” అంది శారద.

ఆ వస్తువు మాత్రం చంద్రమౌళి సారు ఒళ్లో ఉంది. ఆయన రిటైరైన లెక్కల సారు. కోరుట్ల తెలంగాణ దీక్షా శిబిరానికి ఇప్పుడు ఆయనే పెద్ద. రాస్తారోకో కోసం సిరిసిల్ల నుంచి వచ్చిన బస్సును ఆపి అందరినీ దింపేశారు. ఆ హడావిడిలో ఒక ప్లాస్టిక్ సంచి సీటు మీదే ఉండిపోయింది. కార్యకర్తలు తెచ్చి సారుకిచ్చారు. “ఎవరిదిది?” అని ఆయన సంచిలోంచి నల్లటి చిన్న కంప్యూటర్ బయటికి తీయగానే, నీడకని టెంటు కింద కూర్చున్న శారద లేచింది. అంతలోనే టీ కొట్టు దగ్గర్నుంచి అమీనుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు.

“నీకెక్కడిది భాయ్ ఇది?” అడిగాడు సారు, అతని నూలు దుమ్ము పట్టిన అంగీని చూస్తూ.

“సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేస్త సార్. నూలు దుకాణపోళ్ల లక్కీ డ్రాల నా పేరచ్చింది. ఈడ కాలేజీల చదివే నా బిడ్డ జేబాకు ఇద్దామని తెస్తున్న.”

“నీకు?”

“మా అన్న దుబాయి నుంచి పంపిండు సార్. డిగ్రీల చేరిన” అంది శారద. ఆమె కథలాపూర్‌లో బస్సెక్కింది. కాళ్ల దగ్గర కిరాణా కొట్లకు వేసే కాగితపు కవర్ల మూట ఉంది. అమ్ముడుపోని పేపర్ల కట్ట కొని చేసిన కవర్లు. అన్నింటి మీదా ఒకటే తేదీ.

సారు ఆ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ నొక్కాలో అంతుపట్టలేదు. తెలియదని ఒప్పుకోవడం ఆయన సర్వీసులోనే లేదు.

“తెరిచి చూసుడెందుకు? పరీక్ష పెడ్త” అన్నాడు. “ఎవరిదైతే వాళ్లకే దీని సంగతి తెలుస్తది.”

చూసి రాసిన హోంవర్కును ఆయన ముప్ఫై ఏళ్లు ఇలాగే పట్టుకున్నాడు. బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయమనేవాడు, అంతే.

“అమీన్ భాయ్, ఇదెన్ని ఇంచులు?”

అమీనుద్దీన్ జానెతో కొలవబోయాడు. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

“జానెడు కన్న జరంత ఎక్కువుంటది సార్.”

“మెమొరీ ఎంత?”

“అల్లా కసం, నాకు తెల్వది. మా బిడ్డకు తెలుస్తది.”

“బ్యాటరీ ఎంతసేపు వస్తది?”

“నేనింక ముట్టనే లేదు సార్. మొదాలు బిడ్డనే ముట్టాలె అనుకున్న.”

టెంటులో ఎవరో కిసుక్కున నవ్వారు. సారు శారద వైపు తిరిగాడు. ఆమె చేతులు కట్టుకుని, కళ్లు సగం మూసి, పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

“పదిన్నర అంగుళాల టచ్ స్క్రీన్. ముప్ఫైరెండు జీబీ మెమొరీ. ముందు ఒకటి, వెనుక ఒకటి, రెండు కెమెరాలు. తొమ్మిది గంటల బ్యాటరీ. కీబోర్డులో అదనపు బ్యాటరీతో మరో ఐదు గంటలు. పెన్నుతో రాసుకునే సౌకర్యం. బరువు కిలో కన్నా తక్కువ. ఏడాది వారంటీ, షరతులు వర్తిస్తాయి.”

జవాబులు ఒప్పో తప్పో సారుకూ తెలియదు. తడబడకుండా చెప్పినవాళ్లకు మార్కులేయడం ఆయనకు అలవాటు.

“ఇంకేమున్నది?”

“టూ ఇన్ వన్ సార్. పైది పట్టుకోని గుంజుండ్రి.”

సారు గుంజాడు. టక్కున స్క్రీన్ ఊడి ఒక చేతిలోకి వచ్చింది. కీబోర్డు ఇంకో చేతిలో మిగిలింది.

“అయ్యో, ఇరగ్గొట్టిండ్రు!” అని అరిచాడు అమీనుద్దీన్.

శిబిరమంతా గొల్లుమంది. అతని పని అక్కడే అయిపోయింది.

“వేరుపడ్డంక పని చేస్తదా బిడ్డా?” అడిగాడు సారు.

“మంచిగ చేస్తది సార్. వేరుపడ్డంకనే బరువు తగ్గి అల్కగుంటది.”

“గదే గదా మేం చెప్పేది!” అన్నాడు సారు. “జై తెలంగాణ!” అని టెంటు దద్దరిల్లింది. ఆ ఊపులోనే తీర్పు కూడా అయిపోయింది. సారు రెండు ముక్కలూ కలిపి శారద చేతిలో పెట్టాడు.

“దొంగనైతే అన్నీ నేర్చుకోనే అస్తుంటి గద సార్” అన్నాడు అమీనుద్దీన్. ఎవరూ వినిపించుకోలేదు. పొద్దున్నే జేబాకు ఫోన్ చేసి చెప్పేశాడు. ఆ పిల్ల ఈపాటికి కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఒట్టి చేతులతో ఎలా వెళ్లాలో తెలియక అతనికి ఏడుపొచ్చింది.

శారద వేళ్లకు ఎండిన మైదా జిగురు నల్లటి మూత మీద తెల్లగా అంటింది. దాన్ని కొంగుతో తుడిచి, మూట ఎత్తుకోబోయింది.

“ఆగు బిడ్డా” అన్నాడు సారు. “వెనుక కెమెరా ఉన్నదన్నవ్ గదా, మా శిబిరం ఫోటో ఒకటి తియ్యి. పేపరుకు పంపుదాం.”

అందరూ గులాబీ కండువాలు సర్దుకుని పిడికిళ్లు ఎత్తారు. సారు నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు.

శారద మూత తెరిచింది. నల్లటి అద్దంలో ఆమె ముఖమే కనిపించింది. వేలితో తట్టింది. కీబోర్డు మీద ఒక్కో అక్షరం నొక్కింది. స్క్రీన్ ఊడదీసి, తిప్పి, మళ్లీ తగిలించింది. ఎత్తిన పిడికిళ్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“ఏమైందే?” అన్నాడు సారు.

శారద కవర్ల మూట వైపు చూసి తల దించుకుంది.

“ఎట్ల ఆన్ చేస్తరో మాత్రం... మా కవర్ల మీది అడ్వటైజుమెంటుల రాయలేదు సార్.”